కుడిచెయ్యి ఓనరుది, ఎడమచెయ్యి నాది

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నా బిడ్డ మీదికి ఏదైనా వచ్చిపడే క్షణాన నా కాళ్లు కదలవేమోనని. ఇది ఊరికే కూర్చుని ఊహించుకున్న భయం కాదు. ఒకసారి కదల్లేదు. ఆ రోజు కదిలినవి ఇస్త్రీ అక్క కాళ్లు. అందుకే ఆవిడ వెళ్లిపోయిన రోజు గురించి రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున కూడా, మా లాండ్రీలో బాయిలర్ వేడెక్కేలోపు, అక్క దుప్పటి చుట్టిన స్తంభం దగ్గరే ఉంది. చెప్పులు విడిచి గోడవారగా పెట్టింది. ఏప్రన్ అంచు ఎత్తి నడుము దగ్గర దోపుకుంది. ఎడమకాలు ముందుకు, కుడికాలు వెనక్కి వేసి, మోకాళ్లు కొద్దిగా వంచి, నేల అడుగున ఏదో వింటున్నదానిలా కాసేపు ఆగింది. ఆ తర్వాత ఎడమచెయ్యి వెళ్లింది. వెళ్లడం కంటికి కనబడదు. దుప్పటి మీద తగిలిన మెత్తటి చప్పుడు వినబడేసరికి ఆ చెయ్యి నడుము దగ్గరికి తిరిగొచ్చేసి ఉంటుంది. మళ్లీ. మళ్లీ. గొట్టాల్లో ఆవిరి గురగురమనేదాకా అదే పని. గురగుర మొదలవగానే చెప్పులు వేసుకుని బల్ల మీద మొదటి చొక్కా పరిచింది.

మిగతా రోజులకీ ఆ రోజుకీ తేడా ఏమైనా ఉందంటే, మూలనున్న సంచీ ఒక్కటే. నీలంరంగు గుడ్డసంచీ, జిప్పు పాడైపోతే పిన్నీసులతో మూసినది. మధ్యాహ్నం బస్సుకి ఆ సంచీ, అక్కా వెళ్లిపోవాలి.

వేరే ఊళ్లో ఉన్న చెల్లెలికి పక్షవాతం వచ్చి ఒక పక్కంతా పడిపోయింది. లేపి కూర్చోబెట్టాలన్నా, పక్కకి తిప్పాలన్నా మనిషి కావాలి. ఇంకెవరూ లేరు. వెళ్తే ఇక తిరిగి రావడం ఉండదని అక్కే చెప్పింది, సబ్బు అయిపోయింది తేవాలి అన్నంత మామూలుగా.

మా లాండ్రీలో కింద ఉతికే మిషన్లు, పైన ఇస్త్రీ గది. గది మధ్యలో ఉన్నదే ఆ ఇనుప స్తంభం. లాడ్జివాళ్లు పారేయమన్న మందపాటి దుప్పటిని అక్క దానికి చుట్టలు చుట్టలుగా చుట్టి, పాత బెల్టులతో బిగించి కట్టింది. తుప్పు తెల్లబట్టలకి అంటకుండా అని ఓనరుకి చెప్పింది. ఓనరు ఎంత మురిసిపోయాడంటే, కొత్తగా పనిలో చేరినవాళ్లందరినీ ముందు ఆ స్తంభం దగ్గరికే తీసుకొచ్చి, "పనిమీద శ్రద్ధ అంటే ఇదీ" అని చూపించేవాడు. ఆ దుప్పటి ఒక్కచోటే, అదీ ఛాతీ ఎత్తులో, అంత లోతుగా ఎందుకు గుంటపడిందో ఆయన ఏనాడూ అడగలేదు.

అక్కకి యాభై దాటాయి. పొట్టి మనిషి. ఆవిరికి జుట్టెప్పుడూ నుదుటికి అతుక్కుపోయి ఉండేది. కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి వాలిపోయి, ఆ మణికట్టుకి ఎప్పుడూ ఒక కట్టు ఉండేది. ఏళ్ల తరబడి ఇస్త్రీపెట్టె తోసిన చెయ్యి అది. దాంతో టీ గ్లాసు ఎత్తితే టీ తొణికేది. ఎడమచెయ్యి మాత్రం ఇంకెవరి దగ్గర్నుంచో తెచ్చి తగిలించుకున్నట్టుండేది. నిమ్మళంగా, పొందిగ్గా, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగేది.

"కుడిచెయ్యి ఓనరుది, ఎడమచెయ్యి నాది" అనేది నవ్వుతూ.

అదెలా నేర్చుకుందో చెప్పాలి. మా కిటికీకి ఎదురుగా, సందుకి అవతల, మాకంటే ఒక అంతస్తు కిందగా ఒక శిక్షణశాల ఉంది. అక్కడ కొట్టడం, కాచుకోవడం నేర్పుతారు. కొట్టడం అంటే అక్క ఒప్పుకునేది కాదు, "ఒళ్లు వాడుకోవడం నేర్పుతారు" అనేది. వాళ్ల కిటికీ కింది గాజుపలకలన్నిటికీ తెల్లరంగు పూసేశారు. పైనున్న ఒక్క పలక పగిలిపోతే మళ్లీ వేయించలేదు. ఆ చదరంలోంచి చూస్తే లోపల తెల్ల దుస్తుల్లో వరసగా నిలబడ్డవాళ్ల వీపులు కనబడతాయి. ముఖాలు కనబడవు. నేర్పే మాస్టారు వాళ్లకి అవతల ఎక్కడో ఉంటాడు, ఎప్పుడైనా తలకాయ కనిపిస్తే కనిపించినట్టు. మా గొట్టాల రొదలో అక్కడి మాట ఒక్కటీ వినబడదు. ఆ వీపుల్ని చూసి నేర్చుకుంది అక్క. ఒక చొక్కా ఆరేలోపు ఒక అడుగు. ఒక దుప్పటి మడతకీ ఇంకో మడతకీ మధ్య ఒక చెయ్యి తిప్పుడు. మూకీ బొమ్మ చూసి వంట నేర్చుకున్నట్టు.

పేర్లు చెప్పేవాళ్లు లేరు కాబట్టి తనే పెట్టుకుంది. మోచెయ్యి మడిచి దెబ్బ కాచుకోవడం 'కాలర్ తిప్పుడు'. రెండు చేతులూ అడ్డంగా దాటించి విప్పడం 'కోటు గుండీలు'. ఒంటికాలి మీద నిలబడ్డం 'హేంగర్'. కాలు పక్కకి విసిరి వెనక్కి లాక్కోవడం 'దుప్పటి దులుపు'.

"ఎవరైనా కొట్టారా నిన్ను, ఇదంతా నేర్చుకోవడానికి?" అని డెలివరీ బాబాయి ఒకసారి అడిగాడు. ఉతికిన బట్టలు వ్యానులో తిప్పే పెద్దమనిషి ఆయన. నోటికి తాళం ఉండదు.

"కొట్టేవాళ్లుంటేనే నేర్చుకోవాలా? రోజంతా ఈ ఒళ్లు ఎవరెవరి బట్టలకో పనికొస్తుంది బాబాయ్. దానికంటూ ఒక పని ఉండొద్దా?" అంది అక్క.

బాబాయి కాసేపు తన పొట్ట నిమురుకుని, "నా ఒంటికి నేను అన్నం పెడుతున్నా, అది చాలంటోంది" అన్నాడు.

అక్క నేర్చుకున్నది పనికొచ్చింది కూడా. నాకు బడి మధ్యలో ఆగిపోయినా బట్టలకి గుచ్చే పేర్ల ట్యాగులు రాయడానికి, చదవడానికి ఆ చదువు సరిపోయింది. అందుకని ఇస్త్రీ గదిలోనే మూల బల్ల నాది. ఇంట్లో చూసేవాళ్లు లేక నా కూతురు చిట్టిని వెంటబెట్టుకునే వస్తాను. నేను మొదట చెప్పిన ఆ రోజుకి చిట్టి పాకుతోంది. కాలర్లకి వాడే చిన్న ఇస్త్రీపెట్టె తీగ బల్ల అంచు నుంచి వేలాడుతుంటే పట్టుకుని లాగింది. పెట్టె అంచు మీదికి జరగడం చూశాను. ఒరగడం చూశాను. చేతిలో పిన్నీసు, ఇంకో చేతిలో ఎవరిదో ప్యాంటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బల్ల వెనక నుంచి అక్క ఎడమకాలు వచ్చింది. గాల్లో ఉన్న పెట్టెని తన్ని గోడకి కొట్టి, వచ్చినంత మామూలుగా వెనక్కి వెళ్లిపోయింది. గోడ మీద ఆ నల్లటి మచ్చ ఇంకా ఉంది. అక్క పిక్క మీద బొబ్బ లేచింది. చిట్టికి ఏమీ తెలీదు, తీగ ఎక్కడికి పోయిందా అని చుట్టూ చూసింది.

నేను ఏడ్చింది ఆ తర్వాత. "నా కాళ్లు కదల్లేదక్కా. నేనేం తల్లినక్కా" అన్నాను.

అక్క పిక్కకి తడిగుడ్డ చుట్టుకుంటూ, "నీ కాళ్లు చెడ్డవి కావు. వాటికి ఎవరూ ఏమీ చెప్పలేదు, అంతే" అంది. మర్నాడు నన్ను స్తంభం ముందు నిలబెట్టి, "ముందు నిలబడ్డం నేర్చుకో. కదలడం తర్వాత" అంది. అప్పట్నుంచి నాకూ పొద్దున్నే అదే పని. నేను బాగా చేస్తానని కాదు. చేస్తున్నంతసేపూ గుండె దడ తగ్గుతుంది.

ఇంత చేతనైన మనిషి మనసులో ఒక పురుగు తొలుస్తూ ఉండేది. ఒక్కరంటే ఒక్కరు కూడా దగ్గర నిలబడి ఇది సరిగ్గా ఉంది, ఇది లేదు అని చెప్పలేదు. "ఒకవేళ అంతా కోతిచేష్టలేమోనే. చూసి నవ్వేవాళ్లు లేక తెలీట్లేదేమో" అనేది నాతో. ఎదుటి మెట్లెక్కి ఆ మాస్టారుకి ఒక్కసారి చేసి చూపించి అడగాలని ఎన్నాళ్ల కోరికో. సందు దాటితే చాలు. ఏళ్లు గడిచాయి, దాటలేదు.

ఆ శిక్షణశాల తెల్ల దుస్తులు వారానికోసారి ఉతకడానికి మా దగ్గరికే వస్తాయి. ఆ రోజు అవి తిరిగి పంపాల్సిన రోజు. పొద్దున వ్యాను కోసం మూటలు లెక్కేసుకుంటున్న బాబాయితో అక్క, చేతిలో పని ఆపకుండానే, "ఎదుటివాళ్ల మూట వదిలెయ్. ఇవాళ నేను ఇచ్చొస్తా" అంది.

"ఏంటి సంగతి, పోతూ పోతూ నా ఉద్యోగం మీద కన్నేశావా?"

"నీ ఉద్యోగానికి పొట్ట కావాలి, నాకు లేదులే."

బాబాయి నవ్వుతూ దిగిపోయాడు. అక్క ఆ తెల్ల దుస్తుల్ని ఒక్కొక్కటే బల్ల మీదికి తీసుకుంది. మనుషులు తెలీదు గానీ వాళ్ల బట్టలన్నీ ఆవిడకి తెలుసు. ఒక ప్యాంటు ఎత్తి కాళ్ల మధ్య కుట్టు నాకు చూపించింది. "వీడింకా కాలు పూర్తిగా ఎత్తట్లేదు. చూడు, కుట్టు ఎంత కొత్తగా ఉందో." ఇంకో ప్యాంటు మోకాలి దగ్గర జాలీలా పల్చబడింది. "ఈ పిల్ల చాలా కష్టపడుతుంది" అంది మెచ్చుకోలుగా, ఆ చోట నీళ్లు చల్లి, పెట్టె ఆనీ ఆనకుండా పోనిస్తూ. అందరి బట్టలూ కుడివైపే ఎక్కువ అరిగేవి. ఎడమకాలు కదా విసురుతున్నారు, కుడివైపెందుకు అరుగుతుందని అక్క చాలాసార్లు ఆశ్చర్యపోయేది. నిలబడ్డ కాలి మీదే కదా బరువంతా అని తనే సర్దిచెప్పుకునేది.

మూట కట్టేసింది. బల్ల చివర పెట్టింది. పెట్టి, ఒక కోటు తీసుకుంది.

"అక్కా, వెళ్లవా?" అన్నాను.

"వెళ్తా. ఈ కోటు అవనీ."

కోటు అయింది. లాడ్జి దిండుగలీబులు తీసింది. వాటికేం తొందర లేదు, రేపటివి. అవీ అయ్యాయి. ఓనరు పైకొచ్చి గడియారం చూసి, "ఇంకా పనేంటమ్మా ఇవాళ, కూర్చోరాదూ" అన్నాడు. "చేతులు ఊరుకోవు సార్" అంది. ఇంకో కోటు తీసుకుంది. ఆవిరి లేస్తోంది, దిగుతోంది. మూట వైపు చూడదు. కిటికీ వైపూ చూడదు. పెట్టె తోస్తున్న కుడిచెయ్యి వణుకుతోంది, అది రోజూ ఉండేదే. ఎడమచెయ్యి బల్ల అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. అది మాత్రం ఎప్పుడూ చూడలేదు.

నాకు అప్పుడు తెలిసింది. ఆవిడ కాళ్లు కదలట్లేదు.

చేతిలో ట్యాగులు బల్ల మీద పడేశాను. చిట్టిని చంకనేసుకున్నాను. రెండో చేత్తో మూట ఎత్తుకున్నాను. "నువ్వు రాకపోతే నేనే పోయి చెప్తా, మా అక్క ఇన్నేళ్లూ మిమ్మల్ని దొంగచూపులు చూసిందని" అని మెట్ల వైపు నడిచాను.

"ఏయ్, ఆగు. పిల్ల జారుతోంది" అంటూ వెనకే వచ్చింది. పెట్టె ఆపి మరీ వచ్చింది, అదీ ఆవిడ పద్ధతి.

సందు దాటడానికి పట్టిన సమయం చెప్పుకుంటే నవ్వొస్తుంది. ఎదుటి భవనం మెట్లు ఇరుకు. పైన తలుపు తీసే ఉంది. గడప దగ్గర చెప్పులు వదిలి లోపలికి వెళ్లాం. పొద్దుటి క్లాసు అయిపోయి హాలంతా ఖాళీగా ఉంది. చెమట వాసన, రబ్బరు వాసన. నేనేదో కండలు తిరిగిన మనిషిని ఊహించుకున్నాను. మాస్టారు బక్కగా, కళ్లజోడుతో, నేల మీద పరిచిన మెత్తటి పరుపుకి చిరుగు పడితే మోకాళ్ల మీద కూర్చుని టేపు అంటిస్తున్నాడు.

"అక్కడ పెట్టేయండమ్మా" అన్నాడు తలెత్తకుండా.

నేను మూట పెట్టాను. అక్క గది మధ్యలో నిలబడి అటూ ఇటూ చూస్తోంది. దేనికోసం వెతుకుతోందో నాకు అర్థం కాలేదు. కిటికీ చూసింది, పగిలిన పలక చదరం చూసింది, దానికి సూటిగా ఎదురుగా ఉన్న గోడ చూసింది. ఆ వీపులు నిలబడే చోటు అక్కడ ఉండాలి. అక్కడ చోటు లేదు. గోడంతా ఒకటే అద్దం, నేల నుంచి నా తలకి పైదాకా. అద్దంలో తెల్లరంగు పూసిన కిటికీ, ఆ చదరం, చదరంలోంచి పైన మా ఇస్త్రీ గది కనబడుతున్నాయి. వేలాడుతున్న ఆవిరి గొట్టం, దుప్పటి చుట్టిన స్తంభం ముక్క. అక్క దగ్గరికి వెళ్లి వేళ్లతో ముట్టుకుంది. చల్లగా ఉన్నట్టుంది, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది అద్దం" అంది నాతో.

"అవునక్కా."

"ఇన్నాళ్లూ మన కిటికీలోంచి కనబడింది ఇదే."

మాస్టారు తలెత్తాడు. "ఏమన్నా కావాలామ్మా?"

అక్క ఇంకా అద్దమే చూస్తోంది. నేనే అన్నాను. "మా అక్క మీకొకటి చేసి చూపిస్తుందండి. తప్పులుంటే చెప్పండి. మధ్యాహ్నం బస్సుకి ఊరెళ్లిపోతోంది."

ఆయనకేం అర్థమైందో ఏమో, టేపు చుట్ట పక్కన పెట్టి కూర్చున్నాడు. అక్క ఏప్రన్ అంచు నడుము దగ్గర దోపుకుంది. ఎడమకాలు ముందుకేసింది. ఎప్పటిలాగే కాసేపు ఆగింది.

తర్వాత ఇక ఆగలేదు. కాలర్ తిప్పుడు, అందులోంచి కోటు గుండీలు, అక్కణ్నుంచి వెనక్కి తిరిగి హేంగర్. ఒంటికాలి మీద ఏప్రన్ అంచు కూడా కదలకుండా నిలబడింది. ఇస్త్రీ గదిలో బల్లలూ బుట్టలూ అడ్డం కాబట్టి అన్నీ కుదించి, ముక్కలుగా చేసేది. ఇంత ఖాళీ నేల ఆవిడకి ఎప్పుడూ దొరకలేదు. ఆ నేలంతా వాడుకుంది. పెద్ద దుప్పటిని కొసలు పట్టి పరిచినట్టు గది ఈ మూల నుంచి ఆ మూలకి వెళ్లింది, మడిచినట్టు తిరిగొచ్చింది. దుప్పటి దులుపులో కాలు ఆవిడ భుజం ఎత్తు లేచింది. అంతా చేస్తున్నప్పుడు ఒక్క చప్పుడు లేదు. అడుగు చప్పుడు కూడా లేదు. చిట్టి నోట్లో వేలు తీసేసి చూస్తోంది.

అయిపోయింది. అక్క చేతులు కిందికి దించి, ఊపిరి ఆపుకుని, మాస్టారు ముఖం వైపు చూసింది. పదో తరగతి ఫలితాల గోడ ముందు నిలబడ్డ పిల్లలు అలా చూస్తారు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అన్నాడాయన.

"మీ దగ్గరే సార్. అదిగో, ఆ పైనున్న కిటికీలోంచి."

ఆయన మా కిటికీ చూశాడు, అద్దం చూశాడు, అక్కని చూశాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

"అమ్మా, మావాళ్లు కుడివైపు చేసేదంతా మీరు ఎడమవైపు చేస్తున్నారు. అద్దంలో చూశారు కదా, అన్నీ అటుదిటు అయిపోయాయి."

"తెలిసింది సార్. ఇందాక గోడ చూడగానే తెలిసింది." మా కిటికీ వైపు చూసి, "అయితే అంతా తప్పేనా?" అంది.

నాకు ఆవిడ సంచీ గుర్తొచ్చింది, పిన్నీసులతో సహా. ఈ మాట పట్టుకుని బస్సెక్కుతుందా అనుకున్నాను.

"తప్పు ఒకటుంది. అది కాదు" అంటూ లేచాడు మాస్టారు. "పిడికిలి బిగించండి."

అక్క ఎడమ పిడికిలి బిగించింది. ఆయన దాన్ని తన అరచేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. బొటనవేలు నాలుగు వేళ్ల లోపల దాక్కుని ఉంది. వెనక నుంచి చూస్తే వీపులు కనబడతాయి, మోచేతులు కనబడతాయి. పిడికిట్లో బొటనవేలు ఎక్కడుందో అంత దూరానికి ఎలా కనబడుతుంది? మాస్టారు వేళ్లు ఒక్కొక్కటే విప్పి, బొటనవేలు బయటికి తీసి, మిగతా వేళ్ల మీదుగా అడ్డంగా పెట్టి మూశాడు.

"ఇది లోపలుంచి గట్టిదాన్ని కొడితే పుటుక్కుమంటుంది. ఇన్నాళ్లూ ఎలా బతికిందిది?"

"మా దుప్పటి మెత్తన సార్."

ఆవిడకి ఎవరైనా చెయ్యి పట్టుకుని నేర్పిన పాఠం అదొక్కటే. ఆ పిడికిలిని విప్పకుండా అలాగే పట్టుకుని చూసుకుంది, ఎవరో ఏదో చేతిలో పెట్టి దాచుకోమన్నట్టు.

"మరి ఈ ఎడమ సంగతి సార్? మార్చుకోవాలా?"

"మార్చుకోవాలంటే మొదట్నుంచీ మొదలెట్టాలి..."

అక్క కుడిచెయ్యి పైకెత్తింది. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. "దీనికి ఇంతే సార్. ఇది ఓనరుది. మీరు కుడివైపు చేస్తారని తెలిసి కుడివైపే నేర్చుకునుంటే, ఎప్పుడో మానేసేదాన్ని."

మాస్టారు నవ్వబోయాడు. నవ్వలేదు. "అయితే మార్చొద్దు" అన్నాడు. "ఇంకొక్కసారి చేయండి. నేనూ చేస్తా."

ఆవిడకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆవిడ ఎడమకాలు ముందుకేస్తే ఆయన కుడికాలు ముందుకేశాడు. ఆవిడ ఎడమచెయ్యి, ఆయన కుడిచెయ్యి. ఒకరు అద్దం ముందు నిలబడితే రెండోవారు అద్దంలోంచి చేసినట్టు, ఒకేసారి తిరిగారు, ఒకేసారి ఆగారు. ఎవరు అసలో ఎవరు నీడో చెప్పమంటే నేను చెప్పలేను. నాకు కనబడిందల్లా ఒకటే, ఆయన ఆవిడ కోసం ఎక్కడా వేగం తగ్గించలేదు.

చివర్లో మాస్టారు గట్టిగా ఒక్క అరుపు అరిచాడు. అక్క అదిరిపడింది. "ఏమైంది సార్?"

"ఏం లేదమ్మా, ఆఖర్న అరుస్తాం మేము."

"అరుపా అది! అందరి వీపులూ ఒక్కసారే ఎగిరిపడుతుంటే దగ్గనుకున్నా. ఈ గదిలో దుమ్మెక్కువేమో, పాపం పిల్లలు అనుకునేదాన్ని."

ఈసారి ఆయన బాగా నవ్వాడు. నా చంకలో చిట్టి ఆయన్ని అనుకరిస్తూ గావుకేక పెట్టింది. "మీ ముగ్గురిలో అరుపు వచ్చింది ఈవిడకే" అన్నాడు. ఆ తర్వాత ఒక్కో కదలికకీ అసలు పేర్లు చెప్పాడు. అక్క శ్రద్ధగా తలూపింది. మెట్లు దిగేసరికి అన్నీ మర్చిపోయింది.

మేం బయల్దేరుతుంటే మాస్టారు కాళ్లు దగ్గరికి పెట్టి, చేతులు పక్కలకి ఆనించి, నడుము దాకా వంగి లేచాడు. క్లాసు అయ్యాక ఆ వీపులన్నీ అలా వంగడం మేం రోజూ చూసేదే. నడుము పట్టేస్తే సాగదీసుకుంటారని అక్క దానికి 'నడుంనొప్పి' అని పేరు పెట్టింది, సాయంత్రం పని అయ్యాక తనూ అలాగే వంగేది. ఇప్పుడు ఆయన ఎవరికి వంగాడా అని వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. అప్పుడు తనూ వంగింది. లేవడానికి మామూలుకంటే కొంచెం ఎక్కువసేపు పట్టింది.

తిరిగొచ్చాక ఆవిడ చేసిన మొదటి పని, నన్ను స్తంభం దగ్గరికి పిలిచి పిడికిలి బిగించమనడం. "నీకూ తప్పే నేర్పా" అంటూ నా బొటనవేలు బయటికి తీసి పెట్టింది. తర్వాత కింద కూర్చుని చిట్టి పిడికిలి పట్టుకుంది. చిన్నపిల్లలందరిలాగే చిట్టి కూడా బొటనవేలు లోపలే దాస్తుంది. అక్క దాన్ని నెమ్మదిగా బయటికి తీసింది. చిట్టి మళ్లీ దాచింది. మళ్లీ తీసింది. ఇద్దరికీ అదో ఆటైపోయింది.

మిగిలిపోయిన కోటు పూర్తి చేసింది. పెట్టె చల్లారాక గుడ్డతో తుడిచి, బల్ల మీద మసి తుడిచి, ఏప్రన్ విప్పి తనే మడతపెట్టింది. ఓనరు మెట్ల దాకా వచ్చాడు.

"ఇన్నేళ్లు స్తంభానికి తుప్పు పట్టలేదంటే నీ చలవే" అన్నాడు.

"అప్పుడప్పుడు తుడిపిస్తూ ఉండండి సార్."

"ఏ వైపు తుడిపించను, గుంట ఉన్న వైపేనా?" అన్నాడు ముఖం కదపకుండా.

అక్క ఆయన వైపు చూసింది. ఆయన గడియారం వైపు చూశాడు. "నిన్ను బస్సు దగ్గర దింపడానికి వ్యాను హారన్ కొడుతోంది, వెళ్లమ్మా" అన్నాడు.

నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. అప్పటికి ఎదుటి చదరంలో మధ్యాహ్నం క్లాసు మొదలైంది. వీపులు వరసగా నిలబడ్డాయి. అన్ని కాళ్లూ ఒకేసారి కదిలాయి. నాకిప్పుడు తెలుసు కాబట్టి మనసులోనే వాటిని కుడికి తిప్పుకుని చూడబోయాను, కుదరలేదు, అక్క చేసినట్టే కనబడ్డాయి. కిందికి చూసేసరికి సందులో వ్యాను లేదు.

ఊరు చేరాక అక్క ఒకసారి ఫోన్ చేసింది. చెల్లెలు తను అనుకున్నంత బరువు లేదట. పక్కకి తిప్పేటప్పుడు కాళ్లు ఎలా పెట్టుకోవాలో తనకి తెలుసు కాబట్టి నడుము పట్టలేదట. కుడి భుజమే రాత్రిళ్లు నిద్రపోనివ్వట్లేదని మాటల మధ్యలో అని, వెంటనే చిట్టి ఏం చేస్తోందని అడిగింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవడం లేదు. ఫోన్ పాడై ఉంటుందిలే అంటాడు బాబాయి. పనిలో పడి ఉంటుందంటాడు ఓనరు. నా మనసు మాత్రం చెడ్డవైపే పరిగెడుతుంది, దాని అలవాటది. ఆవిడ అడ్రసు మా ఎవరి దగ్గరా లేదు.

కాబట్టి ఇది చదివినవాళ్లు ఒక పని చేయండి. మీ వీధిలో ఇస్త్రీ చేస్తూనో, మంచంలో ఉన్న మనిషిని చూసుకుంటూనో ఒక పొట్టి పెద్దావిడ ఉంటే, కుడి భుజం వాలి ఉంటే, ఊరికే నిలబడ్డప్పుడు కూడా ఎడమకాలు అరడుగు ముందుకి ఉంటే, ఒకసారి తలుపు తట్టి పలకరించండి. భుజం ఎలా ఉందో అడగండి, బాగానే ఉందంటే నమ్మకండి. ఇక్కడ మేమిద్దరం బొటనవేలు బయటే పెడుతున్నామని చెప్పండి. స్తంభానికి దుప్పటి మార్చలేదని కూడా చెప్పండి. ఛాతీ ఎత్తులో ఆ గుంట అలాగే ఉంది, ఎడమ పిడికిలి పెడితే సరిగ్గా పట్టేంత.